గాలి చీటీ

బసప్ప స్వామి మఠంలో ఒక కట్టడి ఉంది. ప్రశ్న తెచ్చినవాళ్లెవరైనా ముందు వంటింట్లో పొయ్యి రాజేయాలి. పొయ్యి అంటుకునేలోగా సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయని ఆయన నమ్మకం.

శిష్యురాలు హైమావతి ప్రశ్న మాత్రం అంత తేలిగ్గా తీరేది కాదు. ఆమె విద్యుత్ శాఖలో ఇంజనీరు. గాలిమరల కరెంటుకు ప్రభుత్వం సర్టిఫికెట్లు ఇస్తుంది. వాటిని బొగ్గు కాల్చే ఫ్యాక్టరీలు కొనుక్కొని, ఆ మంచి కరెంటు తామే వాడినట్టు చూపుకుంటాయి. సొమ్మొకడిది సోకొకడిది. ఈ సర్టిఫికెట్ల సంత సవ్యంగా నడుస్తోందో లేదో తేల్చే కమిటీలో హైమావతి సభ్యురాలు. సోమవారం నివేదిక మీద సంతకం పెట్టాలి. పెడితే వంకపల్లె పక్కనున్న ఫ్యాక్టరీ ఆ సర్టిఫికెట్లు చూపించి మరో ఐదేళ్లు నిక్షేపంగా బొగ్గు కాల్చుకుంటుంది. ఆ ఊళ్లో ఇప్పటికే బూడిద రాలని అన్నం కంచం లేదు, దగ్గని పసిబిడ్డ లేదు.

"నిబంధన ప్రకారం అంతా సరిగ్గానే ఉంది స్వామీ. ఒక్క కాగితం కూడా దొంగది కాదు. పైగా గాలిమరల వాళ్లకు నాలుగు డబ్బులొస్తున్నాయి. సంతకం పెడితే తప్పేముంది?"

స్వామి ముఖం జేవురించింది. "ముందు పొయ్యి రాజెయ్ పో," అన్నాడు.

కట్టెలు వానకు తడిసి ఉన్నాయి. ఊదేకొద్దీ పొగే తప్ప మంట లేదు. హైమావతి కళ్లు తుడుచుకుంటుండగా తలుపు ధడాలున మూసుకుంది. బయట గొళ్లెం పడింది.

"స్వామీ, ఊపిరాడటం లేదు! తలుపు తీయండి!"

తలుపు కిందినుంచి ఒక చీటీ లోపలికి జారింది. ఆమె కళ్లు చికిలించి చదివింది: 'ఇక్కడ వసారాలో చల్లగాలి ధారాళంగా వీస్తోంది.' కింద మఠం ముద్ర.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గురువన్న గౌరవం గంగలో కలిసింది.

"నీ చీటీ నేనేం చేసుకోను? తలుపు తియ్యి!" అంటూ రెండు చేతులా బాదింది.

స్వామి గొళ్లెం తీశాడు. ఆమె దగ్గుకుంటూ బయటపడి, చీటీని ఆయన కాళ్ల దగ్గర విసిరికొట్టింది. వసారాలో నిజంగానే గాలి హోరుమంటోంది. స్వామి వంగి చీటీ తీసి, వసారాలో ఆమె వదిలి వెళ్లిన నివేదిక ఫైలు మీద పెట్టాడు.

"దీంట్లో ఒక్క అక్షరం అబద్ధముండాదా తల్లీ?"

"లేదు."

"ముద్ర దొంగదా?"

హైమావతి తల వంచుకుంది. "కాదు స్వామీ."

"అయితే వంకపల్లెకు పోయి ఇదే చదివి వినిపించు. వాళ్ల దగ్గు ఆగినాక సంతకం పెట్టు."