రేఖకు అందని ముగ్గురు

సుభాషిణికి కొన్నేళ్ళుగా ఒకటే ధ్యాస. క్యాన్సర్ వైద్యం తర్వాత మనుషులు ఎంతకాలం బతుకుతారో అంచనా కట్టే కొత్త సంభావ్యతా విభాజనాలను, అంటే గణిత సూత్రాలను, ఆమె తయారుచేస్తోంది. పుస్తకాల్లోని పాత సూత్రాలేవీ ఆసుపత్రి ఇచ్చిన అంకెలకు కుదరలేదు. ఆమె సూత్రం కుదిరింది, ముగ్గురి దగ్గర తప్ప. ఆ ముగ్గురూ మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువకాలం బతికారు. వాళ్ళను లెక్కలోంచి తీసేసరికి సూత్రం గీసిన రేఖ అంకెలమీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది.

ఆ కాగితాలు పట్టుకుని యూనివర్సిటీలో గురువు వహీద్ మాస్టారి గదికి వెళ్ళింది.

"ముగ్గురి కోసం ఇంత చక్కటి సూత్రాన్ని పాడుచేసుకోవడం ఎందుకు సార్? దీన్ని చూసి రేపు డాక్టర్లు రోగులకు ఎంతకాలం బతుకుతారో ధైర్యంగా చెప్పొచ్చు."

మాస్టారు కాగితాలన్నీ తిరగేశారు. తప్పు పట్టలేదు. లేచి చెప్పులేసుకున్నారు.

"రా అమ్మా, భీమిలి దాకా వెళ్ళొద్దాం. నువ్వు తీసేసిన ముగ్గురిలో ఒకావిడ అక్కడే ఉంటుంది. నాకు తెలిసినావిడే."

వాళ్ళు వెళ్ళేసరికి పోలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. అరుగుమీద ఒక యువతి తలకు గుడ్డ చుట్టుకుని కూర్చుంది. ముందున్న కంచం ముట్టుకోలేదు.

"ఒచ్చినావా బాబూ! కూకోండి," అంది పోలమ్మ. సుభాషిణి చూపు ఎటుందో గమనించి గొంతు తగ్గించింది. "పక్కింటోళ్ళ కోడలు. నాకొచ్చిన జబ్బే. ఎలాగూ పోతాను కదా అని తిండి మానేసింది. అందుకే రోజూ ఇక్కడికి లాక్కొస్తన్నాను."

పోలమ్మ చేతులు కడుక్కుని వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఇటు చూడు. నేను బతకలేదేటి?"

ఆ యువతి పోలమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కంచంలో చెయ్యి పెట్టింది.

తిరుగు బస్సులో సుభాషిణి కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

వేసవి అంతా ఆమె డిపార్ట్‌మెంటు వదిలి కదల్లేదు. సూత్రాన్ని మొదటినుంచీ కట్టుకొచ్చింది. ఈసారి ఎవరినీ తీసెయ్యలేదు. రేఖ చివర గబుక్కున కిందికి దిగిపోకుండా సన్నగా, చాలా దూరం, ఆ ముగ్గురి దాకా సాగింది.

"మునుపటంత అందంగా రాలేదు సార్," అంది, కాగితం బల్లమీద పెట్టి.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఆ రేఖను కొస దాకా వేలితో తడిమారు.

"ఇందులో అందరూ పడతారమ్మా," అన్నారు.