కట్టేసిన ఆవు

కరిబసవయ్యగారి మఠంలో ఒక వింత ఆచారం ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే, వచ్చినవాళ్లంతా పంక్తిలో కూర్చుని చూస్తుండగానే, మొదటి ముద్ద ఆయన తినేవారు. ఆ తరువాతే వడ్డన. అతిథి తిన్నాక తినడం అందరూ ఎరిగిన మర్యాద. ఇక్కడ మాత్రం అంతా తలకిందులు. సామికి ఆకలి ఆగదని ఊళ్లోవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. వడ్డన చేసే శిష్యుడు ఓబులేశుకు ఆ నవ్వులు వింటే తల కొట్టేసినట్టుండేది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యా, పెట్టేవాడు ముందు తినవచ్చునా?"

గురువుగారు విన్నారు. దీపం వెలిగించడానికి లేచారు.

మర్నాడు తెల్లవారుతూనే తిప్పన్న భార్య లింగమ్మ ఏడుస్తూ మఠానికి వచ్చి, ఉన్నపళంగా చేనికి రమ్మంది. గురుశిష్యులిద్దరూ ఆమె వెంట నడిచారు.

తిప్పన్న సంగతి ఇక్కడ చెప్పాలి. వేరుశనగ వేసి వేసి, బోరు ఎండి, కొండ కింద ఉన్న చేను బీడు పెట్టి కూలికి పోతున్న మనిషి. తన కడుపు నింపని నేల జింకల కడుపైనా నింపుతుందేమోనని ఆ ఏడు తొలకరికి జొన్న, అలసంద, ఉలవ కలిపి చల్లాడు. చుట్టూ ఉన్న ముళ్లకంపను తన చేతులతోనే తీసేశాడు. తొట్టి పెట్టి నీళ్లు మోశాడు. ఒక్క కంకి కూడా కోయనని కొండవైపు తిరిగి ఒట్టు పెట్టుకున్నాడు. జింకలు మొదట దూరం నుంచి చూశాయి, తరువాత గట్టు దాటాయి, చివరికి తిప్పన్న దగ్గినా బెదరడం మానేశాయి. పిల్లలు లేని ఆ ఇంట్లో సాయంత్రమైతే వాటి ముచ్చట్లే. ఓబులేశు కూడా ఒకసారి చూసి వచ్చి, పంక్తిలో నలుగురి ముందూ తిప్పన్నను ఆకాశానికెత్తాడు.

ఆ పైన వాన మొహం చాటేసింది. అలసంద, ఉలవ మాడిపోయాయి. జొన్న మాత్రం మోకాటి ఎత్తున గిడసబారి నిలిచింది. కొండ మీద గడ్డిపరక లేదు. కనుచూపు మేరలో పచ్చగా ఉన్నది ఆ పైరొక్కటే. అప్పటిదాకా అలసంద తీగలు మేసిన జింకలు దాని మీద పడ్డాయి. బెట్టకు గిడసబారిన లేత జొన్నలో విషం పుడుతుంది. దాన్ని నాము అంటారు. కడుపారా మేసిన పశువు ఇల్లు చేరదు. ఆ సీమలో పశువున్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే ఇది.

వాళ్లు వెళ్లేసరికి చేను నిండా జింకలు పడి ఉన్నాయి. కడుపులు ఉబ్బి, మూతుల దగ్గర నురగ ఆరిపోయి ఉంది. ఒక తల్లి పక్కన పిల్ల నిలబడి, పొదుగును మూతితో పొడుస్తోంది. ఇంకా మేత ఎరగని పిల్ల కాబట్టి బతికింది. ఓబులేశు అటు చూడలేకపోయాడు. తిప్పన్న గట్టు మీద కూలబడి ఉన్నాడు. నాము సంగతి నీకు తెలియదా అని ఓబులేశు కోపం పట్టలేక గద్దించాడు.

"తెలీకేం సామీ," అన్నాడు తిప్పన్న. "తెలిసే కదా, మా ఆవును ఇంటికాడ గుంజకు కట్టేస్తి."

ఆ మాట బయటికి వచ్చాకే అతనికీ వినబడింది. తల నేలకేసి కొట్టుకోబోతే గురువుగారు పట్టుకున్నారు. చెడ్డవాడు కాదు పాపం. అవి వస్తే చాలని రోజూ ఎదురుచూసినవాడికి, వాటిని తరిమికొట్టాలన్న ఆలోచనే రాలేదు.

గురువుగారు వంగి జొన్న పీకడం మొదలుపెట్టారు. మిగతావాళ్లూ చేతులు కలిపారు. పీకిన పైరు తగలబెట్టి, గుంతలు తీసి జింకలను పూడ్చారు. లింగమ్మ ఇంటికి పోయి ఆవు పాలు పిండి తెచ్చింది. గుడ్డ ముంచి జింక పిల్ల నోటికి పెట్టింది. అది మూతి తిప్పుకుంది. ఎంత బతిమాలినా తల్లిని పూడ్చిన చోటికే పోయి నిలబడింది. పొద్దు వాలేసరికి అక్కడే పడుకుంది, మళ్లీ లేవలేదు. దాని గుంత తిప్పన్న ఒక్కడే తవ్వాడు, ఇంకెవరినీ పార ముట్టనివ్వలేదు.

చీకటి పడ్డాక గురుశిష్యులిద్దరూ మఠానికి తిరిగి వచ్చారు. జొన్న ఆకుల అంచులు కోసి గురువుగారి అరచేతుల నిండా గీతలు పడ్డాయి. మఠం గడప దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఆయన అడిగారు.

"నిన్న ఏదో అడిగావు."

"పెట్టేవాడే ముందు తిని చూడాలి అయ్యా," అన్నాడు ఓబులేశు.

"రేపటి నుంచి మొదటి ముద్ద నువ్వు తిను," అన్నారు గురువుగారు.