పెరటి గౌరమ్మ తొలిపిల్ల వాయనము

పూర్వము గోస్తనీ తీరమున ఒక తోపులో కటుకుడను మహర్షి యుండెను. నిజమును తీపి చేసి చెప్పుట చేతగానందున ఆయనకా పేరు వచ్చెను. ఒకనాడు చైత్రమాసమున చెట్లన్నియు పిట్టల అరుపులతో నిండియుండగా సౌమ్యుడను ముని ఆయనను సమీపించి, నమస్కరించి, స్వామీ, యజ్ఞములు చేయలేని చిన్న సంసారులు, పెరడు తప్ప వేరే పొలము లేనివారు వసంతకాలమున ఆచరింపదగిన నోమేదైనను కలదా, దానిని ఎవరాచరించిరి, ఏమి ఫలము పొందిరి అని అడిగెను. కటుకుడు విని, కలదు నాయనా, పెరటి గౌరమ్మ నోమని దానికి పేరు, చేయుట బహు తేలిక, చెడగొట్టుట అంతకంటె తేలిక, కూర్చుండి వినుమని ఇట్లు చెప్పసాగెను.

చింతలమడ యను గ్రామమున నాంచారమ్మ యను ముసలి ఇల్లాలు కలదు. ఆమెకు భద్రయ్య, సూరన్న అని ఇద్దరు కొడుకులు. పెద్దకోడలు పేరిందేవి, చిన్నకోడలు అచ్చాంబ. వారికున్నది ఒక తాటాకుల ఇల్లు, దాని వెనుక బీర, సొర పాదులు పాకిన పెరడు, ఆ పెరటిలో తిరుగు నాలుగు కోళ్లు, అంతే. పేరిందేవికి ఏడాది తిరుగకుండ సంతానము కలుగుచుండెను. అచ్చాంబ కడుపు పండలేదు.

నాంచారమ్మ ప్రతి చైత్రమున ఈ నోము నోచుచుండెను. ఎట్లన, తలస్నానము చేసి, పాదుల నడుమ పసుపు గౌరమ్మను నిలిపి, గంపలో మెత్తని గడ్డి పరచి, గుడ్లు పెట్టి, కోడిని పొదగవేయును. నాటి నుండి రోజూ తెల్లవారగనే తన కోళ్లకు వేయకముందే, ఎవరివీ కాని పిట్టలకు ఒక పిడికెడు నూకలు చల్లి, మూకుడులో నీళ్లు పెట్టును. చూరులో పిచ్చుకలు గూడు కట్టినను, పందిరిలో పిగిలిపిట్ట గుడ్లు పెట్టినను కదల్పదు. గంపలో తొలిగుడ్డు పగిలి పిల్ల బయటికి రాగానే, ఆ తొలిపిల్లను తీసి, పసుపు కుంకుమలతో, పిల్లలు లేని స్త్రీ ఒడిలో వాయనముగా పెట్టును. ఆమె అక్షతలు చల్లిన పిదపనే తక్కిన పిల్లలు గంప దిగవలెను. ఇదియే నోము. ఇందులో ఖర్చు లేదు, కష్టము లేదు.

అచ్చాంబ కాపురమునకు వచ్చి కొన్నేండ్లు గడచినను సంతానము కలుగకపోగా, నాంచారమ్మ ఆ తొలిపిల్లను తన చిన్నకోడలి ఒడిలోనే పెట్టసాగెను. నలుగురు ఆడవారు చూచుచుండగా అత్తగారే వచ్చి తన ముందు వంగి వాయనమిచ్చు ఆ పూట కొరకు అచ్చాంబ ఏడాదంతయు ఎదురుచూచుచుండెను. ఆ యింట ఆమెను ముందు పిలుచు పూట అదొక్కటే. పెరటిలో కోళ్లు వృద్ధిపొందెను, పాదులు విరగకాసెను, ఆ ఇంటికి లోటు లేకుండెను.

కొంతకాలమునకు నాంచారమ్మ కాలము చేసెను. పెత్తనము పేరిందేవి చేతికి వచ్చెను. ఆమె చెడ్డది కాదు నాయనా. చెడ్డవారైనచో కథ చెప్పుట సులభము. ఆమె శుభాశుభములు ఎక్కువగా చూచునది, అంతే. చైత్రము రాగానే ఆమె తనలో తాను, అత్తగారికి ముసలితనమున తోచలేదు గాని, పిల్లలు లేనిదాని ఒడిలో పిల్లను పెట్టిన అది నిలుచునా, నిండుగా పిల్లలున్న ముత్తైదువకు ఇచ్చినచో మనకును అట్లే నిండును కదా అని తలపోసెను. అట్లు తలపోసి తొలిపిల్లను గ్రామాధికారి భార్యకు వాయనమిచ్చెను. ఆమె దానిని పనిమనిషి చేతికిచ్చి మరల దాని మొగము చూడలేదు.

అచ్చాంబ ఉతికిన చీర కట్టుకొని పీట దగ్గర కూర్చుండియుండెను. అందరును వెళ్లిన తరువాత ఆమె తోటికోడలిని చూచి, "అక్కా, ఈ యేడు నన్ను పిలవలేదేం?" అని అడిగెను.

"ఊళ్లో అందరూ నీ కన్ను మంచిది కాదంటున్నారమ్మా, నేనేం చెయ్యను?" అని పేరిందేవి గిన్నెలు సర్దుకొనుచు పలికెను. ఊరిలో ఎవరును అప్పటికి ఆ మాట అనియుండలేదు. నాటి నుండి అనసాగిరి.

అంతటితో పోలేదు. తన కోళ్లకు వేసిన నూకలు పిచ్చుకలు తినుచున్నవని పేరిందేవి చూరులోని గూళ్లన్నిటిని కర్రతో పడగొట్టించెను. పిట్టలకు చల్లు పిడికెడు దండుగయని మానిపించెను. అచ్చాంబ తన వంతు అన్నములో నుండి కొంత తీసి గోడ మీద పెట్టగా, తిండి పారబోయుచున్నావని దానికి కూడ ఆమెను కసరెను. పిట్టలు కొంతకాలము చూచి, లేచి పోయెను. గోరువంకలు పోయెను, పిగిలిపిట్టలు పోయెను, గద్ద కనబడినంతనే వెంటబడి ముక్కుతో పొడిచి తరుము నల్లని ఏట్రింత కూడ పోయెను. గద్ద వచ్చినదని గోల చేసి చెప్పువారు ఆ పెరటిలో లేకపోయిరి. తల్లికోడి తెలిసికొని రెక్కలు చాచులోపల గద్ద పిల్లను తన్నుకొని పోవుచుండెను. అట్లు ఒకదాని వెంట ఒకటిగా పిల్లలన్నియు పోయెను.

పేరిందేవి గుండెలు బాదుకొని, ఇది అచ్చాంబ కన్ను వలననే జరిగినదని చెప్పెను. ఇరుగుపొరుగువారు అవునవుననిరి. భద్రయ్య ఊరకుండెను. సూరన్న అన్నా వదినెల మాట జవదాటనివాడు, అంతకు మించి అతనిని గూర్చి చెప్పదగినదేమియు లేదు. అచ్చాంబను పుట్టింట దిగబెట్టి వచ్చి, ఆ వైశాఖముననే పేరిందేవి కుదిర్చిన తులశమ్మ యను చిన్నదానిని పెండ్లాడెను. అచ్చాంబ బండి ఎక్కునప్పుడు ఎవరితోను కలహింపలేదు. కోళ్లకు నీళ్లు పెట్టవలెనని మాత్రము చెప్పి వెళ్లెను.

మరుసటి చైత్రమున, ఇక ఇంట దోషము లేదు కదా యని పేరిందేవి నోమును ఘనముగా తలపెట్టెను. పందిరి వేయించెను, గంపకు పసుపు రాయించెను, ఊరిలోని పిల్లలతల్లులందరిని పిలిచెను. ఆ వేళ ఒక ముసలిది వాకిట నిలిచి, తల్లీ, ఆ వాయనము నాకిప్పింపుము అని అడిగెను. నీకు పిల్లలెందరని పేరిందేవి అడిగెను. ఒక్కరును లేరని ముసలిది చెప్పెను. పేరిందేవి గంప మీద గుడ్డ కప్పి, లోపల పని యున్నది, అవతలికి పొమ్మనెను. ముసలిది వెళ్లిపోయెను.

పిమ్మట ఆ యింటికి పట్టిన దుర్దశ ఏమని చెప్పుదును? కోళ్లకు కొక్కెర తెగులు తగిలి, ఉదయము లేచినవి సాయంత్రమునకు మెడలు వాల్చి పడిపోయెను. పిట్టలు లేనందున పాదులకు పురుగు పట్టి, పిందెలు పిందెలుగనే రాలెను. వెలితి పడిన ఇంటిలోనికి అప్పు వచ్చెను, గిన్నెలు తాకట్టుకు పోయెను, కప్పు మీద తాటాకు మార్చుటకు కూడ గతి లేకపోయెను. వాయనములు పుచ్చుకొనిన పిల్లలతల్లులు ఆ వీధిన వచ్చుట మానిరి. ఈసారి నింద వేయుటకు ఇంట అచ్చాంబ లేదు. ఊరివారి చూపు పేరిందేవి మీదకే తిరిగెను.

మరల వసంతము వచ్చెను. పేరిందేవి ఉత్త గంప ముందు కూర్చుండి ఏడ్చుచుండగా ఆ ముసలిది మరల వచ్చి పెరటిగోడ దగ్గర నిలిచెను. పేరిందేవి లేచి, అవ్వా, నేను నోములో ఏమి తక్కువ చేసితిని, పసుపు తగ్గించితినా, దీపము తగ్గించితినా అని అడిగెను.

"ఏమీ తగ్గలేదమ్మా. నేనెవరి కోసం ఈ నోము పెట్టానో ఆమెనే గెంటేశావు. పిల్లలున్నవాళ్ల ఒడి ఎప్పుడూ నిండే ఉంటుంది, దాన్ని నింపడానికి నేనెందుకు?" అని ఆ ముసలిది చెప్పి, పాదుల నడుమకు నడచి కనబడకుండ పోయెను. ఆమె గౌరమ్మయని పేరిందేవికి అప్పుడు తెలిసెను. తెలిసి లాభమేమి, ఆలస్యముగా తెలియుట అందరికిని తెలియును.

పేరిందేవి ఇల్లిల్లు తిరిగి, మాటలు పడి, ఒక పొదుగు కోడిని, కొన్ని గుడ్లను అడిగి తెచ్చుకొనెను. తాను గంజి త్రాగి పిట్టలకు నూకలు చల్లెను. మొదట చాల దినములు ఏ పిట్టయు రాలేదు, చల్లినవి చీమలు మోసికొనిపోయెను. ఆమె మానలేదు. పిమ్మట ఒక పిచ్చుక వచ్చెను, తరువాత గోరువంకలు వచ్చెను, ఏట్రింత పందిరి గుంజ మీద వాలెను. గుడ్డు పగిలినంతనే ఆమె తొలిపిల్లను దూది పరచిన బుట్టలో పెట్టుకొని, ఎండలో నడచి, అచ్చాంబ పుట్టిన ఊరు చేరెను.

అచ్చాంబ అన్నగారి ఇంటి వసారాలో వడ్లు దంచుచుండెను. ఆమె చిక్కి సగమైపోయెను. వదినెగారు లోపలి నుండి ఎవరు వచ్చిరని అడుగుచు, పని ఆపవద్దని కూడ చెప్పుచుండెను. పేరిందేవి ఆమె ముందు వంగి, పిల్లను ఒడిలో పెట్టి, ఇస్తినమ్మా వాయనమనెను. అచ్చాంబ రోకలి ప్రక్కన పెట్టి, చేతులు తుడుచుకొని, పుచ్చుకొంటినమ్మా వాయనమని బదులు పలికెను. ముమ్మారు ఆమె ఇచ్చెను, ముమ్మారు ఈమె పుచ్చుకొనెను. అచ్చాంబ అక్షతలు చల్లి, పిల్లను కొంతసేపు అరచేతుల మధ్య ఉంచుకొనెను.

అప్పుడు పేరిందేవి, "ఇంటికి రా అచ్చాంబా," అనెను. దానికి నోములో బదులు మాట లేదు.

"నా చోట్లో నువ్వే ఇంకో పిల్లని కూచోబెట్టావు కదక్కా. అదేం పాపం చేసింది, ఇప్పుడు దాన్ని లేవమంటావా?" అని అచ్చాంబ అడిగెను. తరువాత పిల్లను మరల బుట్టలో పెట్టి, "మా వదిన వాకిట్లో కోడిని ఉండనివ్వదు. దీన్ని తీసుకెళ్లి తల్లి కింద పెట్టు. నేను పుచ్చుకున్నాను, నీ నోముకి అది చాలు," అని చెప్పి రోకలి అందుకొనెను.

పేరిందేవి బుట్ట పట్టుకొని తిరిగివచ్చెను. నోము ఫలించెను. గద్ద రాగానే ఏట్రింత తరిమెను, తెగులు ఆ గడప తొక్కలేదు, పాదులు కాసెను, అప్పు తీరెను, కప్పు మారెను. ఊరివారు మరల వచ్చి పలుకరించిరి. ప్రతి చైత్రమునను ఆమె బుట్టతో ఆ ఊరు పోయెను. ప్రతి చైత్రమునను అచ్చాంబ పుచ్చుకొని తిరిగి ఇచ్చెను. రమ్మని పేరిందేవి అడుగుట మానలేదు, అచ్చాంబ వచ్చుటయు లేదు.

ఒక యేడు ఆమె పోవుసరికి వసారాలో రోకలి చప్పుడు లేదు. వదినెగారు వాకిట నుండియే, "పోయి నెలలైందమ్మా. మీకు కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు," అని చెప్పెను. పేరిందేవి అక్కడనే నేల మీద కూలబడెను. బుట్టలో పిల్ల అరచుచుండెను. తాను చేసిన అపరాధమును క్షమింపుమని అడుగవలసిన మనిషి ఇక లేదు. పిల్ల చల్లబడునేమోయని మాత్రము లేచి నడచెను.

ఇంటికి వచ్చి చూడగా తులశమ్మ పాదుల వద్ద నీళ్లు పోయుచుండెను. ఆమెకును ఇన్నేండ్లుగా సంతానము లేదు. ఊరివారు ఆమెను చూచి మొగములు త్రిప్పుకొనుట ఆ మధ్యనే మొదలుపెట్టిరి. పేరిందేవి అది ఎరిగియు ఎరుగనట్లుండెను. నాడు మాత్రము ఆమె అందరిని పిలిచి, తులశమ్మను పీట మీద కూర్చుండబెట్టి, తొలిపిల్లతో ఆమె ముందు వంగెను. తులశమ్మ చెంగు పట్టలేదు. తోటికోడలి మొగము వంక చూచి, "వచ్చే యేడు కూడా నాకు పిల్లలు పుట్టకపోతే, అప్పుడూ నాకీ వాయనం ఈ ఇంట్లోనే ఇస్తావా అక్కా?" అని అడిగెను.

వచ్చిన ఆడవారందరును తలలు దించుకొనిరి. పేరిందేవి దీపము మీద చేయి పెట్టి ప్రమాణము చేసెను. అప్పుడు తులశమ్మ చెంగు పట్టెను. వారిరువురి తలలును నెరసిన దాక ఆ వాయనము ఆ ఇంటనే జరిగెను.

కావున నాయనా, ఈ నోమును ఎవరు నోచవలెనో చెప్పెదను. ఒడి నిండినవారు నోచవలెను. పెత్తనము చేతికి వచ్చినవారు, తోటికోడలు గలవారు, ఎవరి కన్ను మంచిది కాదో బాగుగా ఎరిగినవారు తప్పక నోచవలెను. మగవారు నోచనక్కరలేదనుకొందురు. భద్రయ్యవలె ఊరకుండువారును, సూరన్నవలె మాట జవదాటనివారును ముందుగా నోచవలెను. నోచినవారికి కోళ్లు నిలుచును, పాదులు కాయును, పిట్టలు చూరు విడువవు, ఇంట అన్నమునకు లోటుండదు. వెళ్లగొట్టిన మనిషి తిరిగివచ్చుట మాత్రము ఈ నోము ఫలములలో లేదు, ఎవరును ఆశింపరాదు. ఇట్లు కటుకుడు చెప్పగా సౌమ్యుడు నమస్కరించి వెళ్లిపోయెను.

కథ విన్నవారు చేతనున్న అక్షతలు తమ తలల మీద వేసికొనకముందు, ఈ పూట ఎవరిని పిలువక వదలితిరో తలచుకొనుడు. ఆమె ఇంకను బ్రతికియున్నచో లేచి వెళ్లి, ముందామెను పిలుచుకొని రండు.