ఎనిమిది చీరల పడుగు

తుఫాను వెళ్ళిపోయిన మూడో వారం, ప్లాను కాగితం చంకలో పెట్టుకుని సోమలింగం చౌడాంబ దగ్గరికి వచ్చాడు. ఊరు మొత్తం ఆ కాగితం మీద ఉంది. అతనికి ఒక్క సందేహమే మిగిలింది: గురువుగారి అరుగుకి నల్లరాయి వేయాలా, తెల్లరాయి వేయాలా?

ఊరి పేరు కండెలపాలెం. మూడు వందల ఏళ్లుగా నేతగాళ్ల ఊరు. ఒకటే వీధి, అటూ ఇటూ కలిపి ముప్పై ఒక్క ఇళ్లు, ఇంటికో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని, నేల మట్టాన కూర్చుని నేస్తారు. సముద్రం ఊళ్లోకి వచ్చినప్పుడు మొదట నిండినవి ఆ గుంటలే. తర్వాత కప్పులు ఎగిరిపోయాయి. గోడలు కూలబడ్డాయి.

ఆ ఊళ్లో మగ్గం నేర్పేదీ, తత్వం చెప్పేదీ చౌడాంబే. డెబ్బై దాటిన మనిషి. సోమలింగం పన్నెండో ఏట ఆమె దగ్గర నేత మొదలుపెట్టాడు. పట్నం వెళ్లి ఇళ్లు కట్టే చదువు చదివాడు. తిరిగొచ్చి మళ్లీ ఆమె దగ్గరే శిష్యుడిగా కుదురుకున్నాడు. ఊరిని తిరిగి కట్టడానికి ప్లాను ఎవరు గీస్తారని ప్రభుత్వం వాళ్లు అడిగితే, ఊరంతా అతని పేరే చెప్పింది. అప్పటినుంచి అతని నడక కొంచెం మారింది.

అతను వచ్చేసరికి చౌడాంబ తన మగ్గం గుంటలో నిలబడి సత్తుగిన్నెతో బురద తోడుతోంది.

"చదువు, వింటున్నాను," అంది తల ఎత్తకుండానే.

"పునాదులు మూడడుగులు లేపుతున్నాం అమ్మా. పైన కాంక్రీటు కప్పు. మగ్గం గుంటలకి సిమెంటు వరలు, బావికి దించినట్టు. మురుగు ఇళ్ల వెనక నుంచి పోతుంది."

"వరలు బావున్నాయి. మా నాన్న కాలంలోనే చేయాల్సిన పని. మట్టి గోడల సంగతేంటి?"

"ఉంచితే పాతకాలపు అందం ఉంటుందని పట్నం నుంచి వచ్చినవాళ్లు కొందరు అంటున్నారు."

"వాళ్లని వచ్చి వాటి కింద పడుకోమను. ఊఁ, ఇంకా?"

సోమలింగం కాగితాన్ని గుంట అంచున పరిచాడు. వీధి మధ్యలో వేలు పెట్టాడు. అక్కడ గీత చక్కగా వంపు తిరిగి, మళ్లీ తిన్నగా అయింది.

"ఇది ముత్తయ్యగారి అరుగు. కూలిన సగం మళ్లీ కట్టి, రాయి తొడిగి, చుట్టూ మెట్లు పెడదాం. వీధి దాని పక్కగా తిరిగిపోతుంది. ఎదుటి ఇళ్లని ఐదడుగులు వెనక్కి జరిపాను. వీధిలో నడిచే ప్రతివాడూ గురువుగారికి సగం ప్రదక్షిణ చేసినట్టు ఉంటుంది."

ముత్తయ్య చౌడాంబకి గురువు. ఆయన పేరున వీధిలోకి సగం దాకా చొచ్చుకొచ్చిన రాతి అరుగు ఒకటి ఉంది. ముప్పై ఏళ్లుగా ఊరు దానికి దండం పెట్టుకునే పనిలోకి దిగుతోంది.

చౌడాంబ ఆ వంపుకేసి కాసేపు చూసింది.

"కొలతలకి ఎప్పుడొస్తారు?"

"రేపు పొద్దున. పొక్లెయిను కూడా తెస్తున్నారు. మధ్యాహ్నానికల్లా పునాదులు తవ్వేస్తారు. నల్లరాయా అమ్మా, తెల్లరాయా?"

"ముందు నా పడుగు చాపాలి," అంది చౌడాంబ. "మీవాళ్లని నలుగురిని చీకటితో రమ్మను. ఎనిమిది చీరలది."

సోమలింగం నవ్వాడు. "ఎనిమిదా? మన వీధిలో ఐదు చీరల పడుగే కదమ్మా పట్టేది?"

"నీ వీధిలో పడుతుందేమో చూద్దాం."

తుఫాను షెల్టరులో ఉన్న పది రోజులూ ఆమె ఊరికే కూర్చోలేదు. తుఫానుకి ముందే మూటగట్టి వెంట తెచ్చుకున్న నూలుతో పడుగు పోసింది. నేతకి నిలువు పోగులన్నీ ఒకే పొడవున ముందుగా సిద్ధం చేసుకుంటారు, అదే పడుగు. దాన్ని వీధి పొడవునా నడుము ఎత్తులో చాపి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెలతో దువ్వుతారు. ఇళ్లలో అంత చోటు ఉండదు. నేతగాళ్లకి వీధి కూడా ఒక పనిముట్టే.

తెలతెలవారుతుండగా మనుషులు చేరారు. ఇళ్లు లేకపోయినా వీధి ఊడ్చి ఉంది. సోమలింగం ప్లాను ప్రకారం ముగ్గుపిండితో వంపు గీశాడు. ఆ గీత వెంట కత్తెరలా జత కట్టిన కర్రలు పాతి, పడుగు విప్పుకుంటూ వెళ్లారు. అరుగు దాకా బాగానే వచ్చింది.

వంపు దగ్గర చెడింది.

అరుగు వైపు పోగులు జారి, పాత ఉయ్యాలలా నేలకి వేలాడాయి. బయటివైపు పోగులు బిగిశాయి. ఒకటి టప్పున తెగింది. తర్వాత నాలుగు. తర్వాత లెక్క తెలియలేదు.

"ఆగండి, ఇక్కడ ఇంకో కర్ర వేస్తే నిలబడుతుంది," అన్నాడు సోమలింగం.

వేశారు. ఇంకో గుప్పెడు తెగాయి.

"ఏందబ్బాయా, నూలుకి కూడా ప్రదక్షిణ నేర్పుతున్నావా?" అంది ఈరమ్మ. చౌడాంబ పక్కింటి మనిషి, పోగులు అతకడంలో ఊళ్లో ఆమె తర్వాతే ఎవరైనా. నలుగురు నవ్వారు. సోమలింగం మొహం ఎర్రబడింది.

చౌడాంబ పడుగు వదిలి పక్కకి వెళ్లింది. గోడ శిథిలాల్లోంచి గడ్డపార తెచ్చుకుంది. అరుగు ఎక్కింది. కూలకుండా మిగిలిన సగంలో, అంచు రాయి కింద గడ్డపార దూర్చి ఎత్తింది.

సోమలింగం పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా! అది గురువుగారు కూర్చున్న చోటు!"

"ఆయన ఎప్పుడూ దీనిమీద కూర్చోలేదు. ఆయన కూర్చున్నది మగ్గం గుంటలో. ఆయన కన్నుమూసిన ఏడాది దీన్ని కట్టించింది నేను. భక్తి ఎక్కువై వీధిలోకి జరిపాను."

"ముప్పై ఏళ్లుగా ఊరు దండం పెడుతోంది!"

"ఈరమ్మా, నీ చేతులు చూపించు వీడికి."

ఈరమ్మ చూపించింది. రెండు చేతుల బొటనవేళ్లూ, చూపుడువేళ్లూ పలకల్లా నున్నగా ఉన్నాయి. గీతలన్నవే లేవు.

"మా అత్త కాలంలో ఎనిమిది చీరలకి ఒకసారి అతుకు పెట్టేవాళ్లు," అంది ఈరమ్మ. "అరుగు వచ్చాక వీధి పొట్టిదైంది. ఐదు చీరలకే పడుగు అయిపోద్ది. అయిన ప్రతిసారీ మూడు వేల పోగులు ఒక్కొక్కటీ పట్టుకుని పాతదాని కొసకి పురిపెట్టాలి. మగవాళ్లు దండం పెట్టుకుని టీకి పోతారు. పురిపెట్టేది మేము."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేంటి పిన్నీ?"

"గురువుగారి అరుగయ్యా. ఎవరు చెబుతారు?"

చౌడాంబ చెయ్యి విడిపించుకుని ఇంకో రాయి లేపింది. ఈసారి ఈరమ్మ వచ్చి ఆ రాయి అందుకుంది. తర్వాత ఇంకొకరు. సోమలింగం మాత్రం చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఎండ తగిలేసరికి అరుగు ఉన్నచోట చదును నేల మిగిలింది. కర్రలు తిన్నని వరసలో పాతారు. తెగినవి ముడివేశారు. ఎనిమిది చీరల పడుగు ఊరి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క గీతలా నిలబడింది. గంజి తొట్టెలు వచ్చాయి.

సగం గంజి పట్టాక జీపు వచ్చింది, వెనకే పొక్లెయిను.

జీపులో వచ్చిన ప్రభుత్వ ఇంజనీరు చెడ్డవాడేం కాదు. ఆరు ఊళ్ల పని నెత్తిమీద ఉన్నవాడు, మూడు వారాలుగా వేళకి తిండి లేనివాడు. జీపు దిగి వీధిని చూశాడు.

"ఇదేంటి? దారి తీయండి. మిషను లోపలికి రావాలి."

"గంజి తడిగా ఉంది బాబూ," అంది చౌడాంబ, కుంచె ఆపకుండా. "ఇప్పుడు చుడితే అంటుకుపోద్ది. ఆరేదాకా ఆగాలి."

"ఎంతసేపు?"

"ఎండనడగండి."

"ఏంటమ్మా వేళాకోళం! మీ ఇళ్ల కోసమే కదా వచ్చింది!"

"మా ఇళ్లు మాకు కావాలి. ఆ ప్లానులోని వంపు వద్దు."

డ్రైవరు మిషను ఇంజను గట్టిగా రేపాడు. వీధికి రెండు వైపులా అరవై మంది కుంచెలు పట్టుకుని ఉన్నారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఇంజను కాసేపు అరిచి, తనంతట తనే తగ్గింది.

ఇంజనీరు అవతలివైపు ఉన్న సోమలింగం దగ్గరికి రావాలనుకున్నాడు. పడుగు కింద నుంచి దూరబోతే ఈరమ్మ కసిరింది. "టోపీ తగిలిందంటే పోగులు పోతాయి. చుట్టూ తిరిగి రండి." ఆయన ఊరి కొస దాకా నడిచి, తిరిగి నడిచి వచ్చాడు. వచ్చేసరికి చెమట పట్టింది.

"సోమలింగంగారూ, ఈ ప్లాను గీసింది మీరు. సంతకం మీది. వంపు వద్దంటే ఇది మళ్లీ పైకి పోవాలి. తిరిగి ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. ఈలోగా మిషను పక్కఊరికి పోతుంది. ఈ ఏడాది మీ ఊరికి ఇళ్లు రాకపోవచ్చు. ఆలోచించుకుని చెప్పండి."

సోమలింగం చౌడాంబకేసి చూశాడు. ఆమె చూడలేదు. తెగిన పోగు ఒకటి దొరికితే దాన్ని ముడివేస్తోంది.

ఎదురుగా టార్పాలిన్ల కింద ఊరు కనిపిస్తోంది. వానొచ్చినా ఇంకో ఏడాది వాటికిందే. ఊరిని లేపినవాడిగా తన పేరు చెప్పుకుంటారని ప్లాను మొదలుపెట్టిన నాటినుంచి అనుకుంటున్నాడు. ఇక ఇళ్లు రాకుండా చేసినవాడిగానూ చెప్పుకోవచ్చు. పడుగు మాత్రం కళ్ల ముందు తిన్నగా ఉంది.

కాగితాన్ని జీపు బానెట్ మీద పరిచాడు. వంపుని అడ్డంగా కొట్టేశాడు. స్కేలు లేదు. అయినా కొత్త గీత తిన్నగానే గీశాడు. అరుగుని కొట్టేస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్నీ కొట్టేశాడు. కింద సంతకం పెట్టాడు.

"ఇది ఒప్పుకోరండీ," అన్నాడు ఇంజనీరు.

"ఒప్పుకుంటే కాంక్రీటుతో కడతాం. ఒప్పుకోకపోతే తాటాకుతో కడతాం. ఏదైనా ఈ గీత మీదే కడతాం. ఇదే మాట పైవాళ్లకి రాయండి."

"మీ ఊరివాళ్లు కూడా ఇదే అంటారా?"

"అడగండి," అన్నాడు సోమలింగం.

ఇంజనీరు వీధి వెంట చూశాడు. అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తీసుకెళ్తాను. మాట మాత్రం ఇవ్వలేను," అని జీపు ఎక్కాడు. మిషను వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది.

దుమ్ము అణిగాక సోమలింగం చౌడాంబ దగ్గరికి వచ్చాడు. ఒకపక్క అరుగు రాళ్లు కుప్పగా ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మరి ముత్తయ్యగారి గుర్తు ఎక్కడ పెట్టాలి?"

చౌడాంబ తన చేతిలోని కుంచె అతనికి ఇచ్చింది.

"అటువైపు గంజి ఆరిపోతోంది. నిలబడ్డావేం?"