వింతశాలకెక్కిన తోలుబాన

విడ్డూరాల పిచ్చి ఉన్న ఓ రాజుగారు నీళ్ళు తోడే సామానుకని ఒక వింతశాల కట్టించి, ఊళ్ళలోని చేదలు, తాళ్ళు, ఎద్దులతో లాగించే తోలుబానలు అన్నీ పట్టుకుపోయారు. బానలు కుట్టే లసుమయ్య ఊళ్ళో బావి అడుగున నీళ్ళున్నాయి, తోడే దారి లేదు. కొత్త బాన కుడదామన్నా తోలు నానేందుకు నీళ్ళు లేవు. జనం చచ్చిపోతున్నారని అతను మొరపెట్టుకుంటే భటులు కోట గుమ్మంలోనే తరిమేశారు.

ఈసారి లసుమయ్య, "బాన చచ్చిపోతోంది" అన్నాడు. వెంటనే లోపలికి రానిచ్చారు.

"వింతశాలలో మా ఊరి బాన ఎండి పగులుతోంది దొరా. నెలకల్లా పొడైపోతుంది."

రాజుగారు కంగారుపడ్డారు. "తొట్టిలో నానబెట్టిస్తాను."

"నిలవ నీళ్ళలో కుళ్ళుతుంది. రోజూ మా బావిలో ముంచి లాగాలి."

"అక్కడికే తీసుకుపో."

"లాగే ఎద్దులు దాహంతో పోయాయి దొరా."

"నా భటులు లాగుతారు. ఒక్కరోజు తప్పినా తలలు తీయిస్తాను."

మర్నాటి నుంచి భటులు ఎద్దుల్లా బాన లాగారు. కాలువ నిండా నీళ్ళు పారాయి. అరవై గడపల ఊళ్ళో కడవలతో రావడానికి బతికి మిగిలింది పదకొండుమందే.

"ఇన్ని నీళ్ళు ఎవరికోసమయ్యా?" అని ఒక భటుడు రొప్పుతూ విసుక్కున్నాడు.

"బాన కోసం బాబూ" అన్నాడు లసుమయ్య. "మనుషుల కోసమని అడిగినప్పుడు మీరు రాలేదు."