ముహూర్తం వేళ చెప్పని మాట

కుక్కుటేశ్వర్రావు మాస్టారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. "వెనకటికి ఒక వెధవ ఉండేవాడు" అని మొదలుపెడతారు. ఆ వెధవ ఎవరో కాకినాడలో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న వాళ్లందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు కూర్చోవడం ఆ బడిలో మొదటి పాఠం.

ఆ వేళ అడిగింది హైమ. నర్సు ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

"మాస్టారూ, ఈ ఇంగ్లీషువాళ్ల నోట మంచిమాట రాదాండీ? మందు సీసా చూస్తే, ఇది తాగితే ఇలా పోవచ్చు, అలా పోవచ్చు అని చాంతాడంత రాస్తారు. మా అన్నయ్య విమానం ఎక్కితే, అది కదలకముందే పడిపోతే ఏం చెయ్యాలో చెప్పారట! మన బస్సు డ్రైవరైతే టైరు కింద నిమ్మకాయ పెట్టి, దణ్ణం పెట్టుకుని బయల్దేరతాడు. 'లేకపోతే ఇలా అవుతుంది' అనందే వాళ్లకి మాట పూర్తికాదేంటండీ?"

పిల్లలంతా నవ్వారు. మాస్టారూ నవ్వబోయి సగంలో ఆగిపోయారు. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, "వెనకటికి ఒక వెధవ ఉండేవాడమ్మా," అన్నారు.

ఆ వెధవ ఇంగ్లీషు ఏ కాలేజీలోనూ చదవలేదు. మొదటి ఇరవై పేజీలూ ఎలకలు కొట్టేసిన నిఘంటువొకటి సంపాదించి, దానితో కుస్తీపట్టి నేర్చాడు. అందుచేత 'ఏ' అక్షరంతో మొదలయ్యే మాటలంటే అతనికి జన్మంతా అనుమానమే. అయినా పేటలో టెలిగ్రాం వస్తే అతని అరుగు మీదకే రావాలి. నాలుగు టెలిగ్రాములు చదివిపెట్టేసరికి అతని నడకే మారిపోయింది. ఎదురుపడ్డవాళ్లు పక్కకి తప్పుకునేవారు. గౌరవం కొద్దీ అనుకునేవాడు.

ఆ రోజుల్లో చేపల రేవు దగ్గర బుల్లెబ్బాయి గారనే ఆసామి ఐసు ఫ్యాక్టరీ పెట్టారు. యంత్రం సీమ నుంచి ఓడలో వచ్చింది. దాన్ని బిగించడానికి విట్‌కోంబ్ అనే ఇంజనీరు దొర వచ్చాడు. దొర మాట పనివాళ్లకి తెలుగులో చెప్పడానికి మనవాణ్ణి దుబాసీగా కుదుర్చుకున్నారు.

ప్రారంభోత్సవం నాడు యంత్రానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. బుల్లెబ్బాయి గారి తల్లి హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. కొబ్బరికాయ కొట్టడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. పనివాళ్లంతా ఒక్కచోట దొరికారు కదా అని, దొర ఆ అయిదు నిమిషాల్లోనే చెప్పవలసింది చెప్పాడు.

"ఈ గొట్టాల్లో తిరిగేది అమోనియా. ఘాటైన వాసన ముక్కుకి తగిలిందా, దాన్ని ఆపాలని చూడకండి. ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి పరిగెత్తండి. లేకపోతే కళ్లు పోవచ్చు. ప్రాణమే పోవచ్చు." కళ్లు అన్నప్పుడు రెండు వేళ్లతో తన కళ్లే చూపించాడు, వెనక వరసకి కూడా కనబడేలా.

దుబాసీకి అందులో తెలియని మాట లేదు, ఆ అమోనియా ఒక్కటి తప్ప. చెప్పబోయి తలెత్తాడు. ఎదురుగా హారతి వెలుగుతోంది. నెత్తిమీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారని వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పింది. ముహూర్తం వేళ కళ్లు పోతాయి, ప్రాణాలు పోతాయి అని ఏ నోటితో అంటాడు? శుభం పలకరా మంకెన్నా అని నలుగురూ గడ్డిపెట్టరూ? పైగా పూజ అయ్యాక అతనికి పట్టు కండువా కప్పుతారని తెలిసింది. గొంతు సవరించుకున్నాడు.

"దొరగారు ఏమంటున్నారంటే, ఈ యంత్రం మనందరికీ అన్నం పెట్టే తల్లి. దీన్ని కంటికి రెప్పలా చూసుకోండి అంటున్నారు."

చప్పట్లు మోగిపోయాయి. అంత భయంకరమైన కబురుకి చప్పట్లు కొట్టే జనాన్ని దొర అదే మొదటిసారి చూడటం. "వీళ్లకి అర్థమైందా?" అన్నాడు అనుమానంగా. "బ్రహ్మాండంగా," అన్నాడు దుబాసీ. "నీ నోరు చల్లగుండ నాయనా," అంది ముసలావిడ.

అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు నూకరాజు. యంత్రం గదిలో పని అతనిదే.

రేపు చెబుదాంలే అనుకున్నాడు దుబాసీ. మర్నాడు శుక్రవారం. ఆ మర్నాడు అష్టమి. తర్వాత నూకరాజు కూతురికి పేరు పెట్టారు. మంచిరోజు చూసుకుని చెడ్డమాట చెబుదామనుకునేవాడికి పంచాంగంలో తిథి దొరకదు.

పదిహేనో రోజు మధ్యాహ్నం గొట్టం అతుకు దగ్గర వదిలింది. ఆ ఘాటుకి ఎవరూ చెప్పకుండానే అందరూ బయటికి పరిగెత్తారు. నూకరాజు ఒక్కడూ ముక్కుకి తడితుండు చుట్టుకుని లోపలికి పరిగెత్తాడు. వాల్వు బిగించాడు. బిగించాకే పడిపోయాడు.

ఆస్పత్రిలో అతని కళ్లకి కట్లు కట్టారు. దొర మండిపడుతూ వచ్చాడు. "పారిపొమ్మని చెప్పానే! లోపలికెందుకు వెళ్లాడో అడుగు."

దుబాసీ అడిగాడు. అడక్క తప్పలేదు.

దుబాసీ గొంతు వినబడ్డ వైపుకి నూకరాజు మొహం తిప్పాడు. "తవరే సెప్పారు కదండీ, కంటికి రెప్పలా సూసుకోమని. సూసుకున్నానండి. యంత్రానికేం కాలేదు కదండీ?"

"ఏమంటున్నాడు?" అన్నాడు దొర.

"తప్పయిపోయిందంటున్నాడు," అన్నాడు దుబాసీ.

ఇంగ్లీషులో అతను ఒక్క తప్పూ లేకుండా పలికిన వాక్యం అదేనేమో.

సాయంత్రం బుల్లెబ్బాయి గారి ఎదుట దొర తేల్చి చెప్పాడు: నూకరాజుని ముందే హెచ్చరించాం, వినలేదు, విననివాణ్ణి యంత్రాల దగ్గర ఉంచకండి. బుల్లెబ్బాయి గారు తెలుగు కోసం దుబాసీ వైపు చూశారు. నూకరాజు కూడు ఇప్పుడు ఆ నోట్లో ఉంది. దుబాసీ నోరు తెరిచాడు. దొర మాట రాలేదు.

"ఆ రోజు దొరగారు చెప్పింది నేను చెప్పలేదండి," అన్నాడు. మొత్తం చెప్పాడు.

"అంత మాట ఎలా మింగేశావయ్యా?"

"అమ్మగారు హారతి పళ్లెంతో ఉన్నారండి."

ఆ స్థానంలో తానున్నా అదే చేసేవారని బుల్లెబ్బాయి గారికి తట్టిందో ఏమో, గట్టిగా అరవనైనా లేదు. "నూకరాజు పని నూకరాజుదే. నువ్వు రేపట్నుంచి రాకు," అన్నారు. కప్పిన పట్టు కండువా వెనక్కి అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది దుబాసీకి.

నూకరాజుకి ఒక కన్ను వచ్చింది. రెండోది రాలేదు. కట్లు విప్పిన నాడు దుబాసీ వెళ్లి, మంచం పక్కన నిలబడి, దొర మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. కళ్లు పోవచ్చు అన్నచోట మాట తడబడి రెండోసారి చెప్పవలసి వచ్చింది.

నూకరాజు విని తలాడించాడు. "ఆ మాట ఆయేల సెప్పుంటే మిమ్మల్ని బూతులు తిట్టేవోణ్ణండి. ముహూర్తం పూట అదేం నోరయ్యా అని."

మళ్లీ తనే అన్నాడు: "తిట్టేసి, వాసనొచ్చిన్నాడు మాత్రం బయటికి లగెత్తేవోణ్ణి."

మాస్టారు ఆగారు. హైమ మెల్లగా అడిగింది: "తర్వాతైనా నూకరాజు ఆ దుబాసీని ఏమీ అనలేదాండీ?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"మొన్న బజార్లో కనబడ్డాడమ్మా. ఉన్న ఒక్క కంటితోనే అంత దూరం నుంచి గుర్తుపట్టి, దణ్ణం పెట్టాడు."