ఖాళీ విస్తరి

మార్కండేయులికి ఆ పిల్లతో విసుగెత్తిపోయింది.

గుండ్లకమ్మ ఒడ్డున పూర్ణయ్య స్వామి ఆశ్రమంలో చిన్నపిల్లలకు చదువు చెప్పే పని అతనిది. ఇసుక పరిచి అక్షరాలు దిద్దించడం అయ్యాక వాక్యాలు మొదలుపెట్టాడు. చెప్పే వాక్యం, అడిగే వాక్యం, ఆజ్ఞాపించే వాక్యం, ఆశ్చర్యపోయే వాక్యం. "కొమ్మ మీద చిలుక ఉంది. చిలుక ఎక్కడ ఉంది? చిలుకను చూడు. ఆహా, ఎంత ముద్దొస్తోందో!" అని పిల్లలు గడగడా అప్పజెబుతుంటే అతని మొహం చేటంత అయ్యేది. ఆ చుట్టుపక్కల ఒక్క చిలుకైనా లేదన్న సంగతి ఎవరికి కావాలి గనక!

తులశమ్మ ఒక్కతే నోరు విప్పేది కాదు. ఆరేళ్లుంటాయేమో. తల్లి పోయాక మేనమామ తెచ్చి వదిలి వెళ్లాడు. వచ్చిన నాటినుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. మార్కండేయులు బుజ్జగించాడు, గదమాయించాడు, ఎండలో నిలబెట్టాడు. ఊహూఁ.

చివరికి మేనమామకు కబురు పెట్టి, గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"ఆ పిల్లకు చదువు రాదు స్వామీ. రేపు వాళ్ల మామ బండి కట్టుకొస్తాడు. మేకల వెంట పంపుతాడట, పోనివ్వండి."

"చదువు రాదా, మాట రాదా?"

"రెండూ రావు. నాలుగు రకాల్లో ఏదో ఒక్క వాక్యం, ఒక్కటంటే ఒక్కటి, ఆ నోట పలికించలేకపోయాను. మిగతా పిల్లలంతా చెబుతున్నారు కదా!"

"ఈ పూట వడ్డన నేను చేస్తాలే నాయనా," అని లేచాడు స్వామి.

భోజనాల దగ్గర మార్కండేయులు పెట్టిన కట్టడి ఒకటుంది. ఎవరు నోరు మెదిపినా విస్తరి తీసుకుని లేచిపోవాలి. ఆ పూటకు పస్తే. పిల్లలు కిక్కురుమనకుండా వరసగా కూర్చున్నారు. వాళ్లకెదురుగా అతనూ కూర్చున్నాడు. స్వామి అన్నం, పప్పు వడ్డిస్తూ వచ్చి, అతని విస్తరి దాటి వెళ్లిపోయాడు.

మరిచిపోయారు కాబోలు అనుకున్నాడు మార్కండేయులు. తను పెట్టిన కట్టడి తనే తప్పడమెలా? ఊరుకున్నాడు.

"ఇక కానివ్వండి," అన్నాడు స్వామి.

పిల్లలు తినసాగారు. అయ్యవారి విస్తరి ఖాళీగా ఉండడం అందరూ చూశారు. చూసి తలలు వంచుకున్నారు. అతని మనసు చివుక్కుమంది. ఒక్కరికైనా నా గురించి పట్టలేదే అనుకున్నాడు. వాళ్లకలా నేర్పిందెవరన్న ఆలోచన ఆ వెనకే వచ్చి, మరింత బాధపెట్టింది.

వరస చివర తులశమ్మ ఇంకా ముద్ద కలపలేదు. అతని విస్తరి వంకే చూస్తోంది.

"అయ్యవారికి అన్నం పెట్టలేదు."

బొంగురు గొంతు. అందరి చేతులూ ఆగిపోయాయి.

"పెట్టండి తాతా," అంది స్వామితో.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే, అన్నం ఒలికిపోకుండా తన విస్తరి రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడింది.

అది ఏ రకం వాక్యమో మార్కండేయులికి తోచనే లేదు. గబుక్కున వెళ్లి ఆ పిల్ల చేతులు పట్టుకున్నాడు.

"కూర్చో తల్లీ. కూర్చో."

పక్కనే నేలమీద తనూ కూలబడ్డాడు.

"మీ అమ్మ నీకేం కలిపి పెట్టేదమ్మా?"

ఇన్నాళ్లూ జవాబు తనకు తెలిసిన ప్రశ్నలే అడిగాడు. దీని జవాబు తెలియదు. ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"పెరుగూ బెల్లం," అంది తులశమ్మ నెమ్మదిగా.

స్వామి వచ్చి గరిటె అతని చేతిలో పెట్టాడు. తిరిగి వెళ్లి, ఆ ఖాళీ విస్తరి ముందు తను కూర్చున్నాడు.

"ఇక నువ్వు వడ్డించగలవు నాయనా."

మర్నాడు మేనమామ బండి ఖాళీగానే తిరిగి వెళ్లింది.